ఆనందగజపతి రాయబారము

విజయనగరము ఆనందగజపతి యనగనే మన పాఠకులలో పెక్కుమందికి గురజాడ అప్పారావుగారి నాదరించినవాడును, సంగీత సాహిత్యములకు పట్టుగొమ్మయై 1897వ సంవత్సరమున పరమపదించినవాడును అగు మహారాజు జ్ఞప్తికి వచ్చును. ఈ వ్యాసమునకు విషయమైనవాడు ఆయన కాదు. ఆయనకు నూటనలువది సంవత్సరములకు పూర్వము, 1757లో, ఆ గద్దె నెక్కి, మూడేండ్లు మాత్రమే యేలి, ఆ మూడేండ్లలోనే ఉత్తర సర్కారుల తలవ్రాతను మార్చిన పూసపాటి ఆనందరాజు వేఱొకడు. బొబ్బిలి కథ నెఱుగని తెలుగువాడు లేడు. ఆ కథ ముగిసిన పిమ్మట నేమి జరిగినదో యెఱిగినవారు మాత్రము అరుదు. తాండ్ర పాపారాయని కత్తివ్రేటుతో పాట ముగియును. చరిత్ర అక్కడ ముగియలేదు.

ఆంగ్లేయ సైన్యమును ఈ సీమకు పిలిచినవాడెవ్వడని యడిగినచో ఆనందరాజు పేరే చెప్పవలసియున్నది. అందువలన ఆతనిని ద్రోహియని నిందించుట సులభము. కాలమెఱిగి పక్షము మార్చిన చతురుడని మెచ్చుటయు సులభమే. ఈ రెండును తొందరపాటు తీర్పులు. తనకన్న బలవంతులైన మిత్రులతోను శత్రువులతోను చిన్న రాజ్యము ఎట్లు మెలగవలెను, ఎచ్చట కాలుజారును అను ప్రశ్నకు ఆతని జీవితమున ఉత్తరమున్నది. కావున దానిని కొంత నిదానముగా విచారింతము.

చికాకోలు సర్కారు

నాడు ఉత్తర సర్కారులకు హైదరాబాదు సుబేదారు ప్రభువు. ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు అను నాలుగు సర్కారులను 1753లో సుబేదారగు సలాబతుజంగు తన కొలువునందలి పరాసు సైన్యముయొక్క జీతబత్యములకై బుస్సీదొరకు వ్రాసి యిచ్చెను. నేడు మనము శ్రీకాకుళమని పిలుచు చికాకోలున ఫౌజుదారుగానున్న జాఫరలీఖాను ఈ మార్పును సహింపక విజయనగరాధీశుడైన పెద విజయరామరాజుతో చేయి కలిపెను. బందరునందలి పరాసుల యధికారి మొరాసిన్ ఈ కూటమిని యుద్ధముతో గాక లెక్కలతో విడగొట్టెను. రాజునకు చికాకోలు, రాజమహేంద్రవరము సర్కారులను తక్కువ శిస్తునకు ఇజారా యిచ్చెదనని ఆశచూపెను. రాజు ఫౌజుదారును విడిచి పరాసుల చెంత చేరెను. ఒంటరియైన ఫౌజుదారు నాగపురపు భోసలే వారి మరాటా దండును పిలిచెను. ఆ దండు 1754లో వచ్చి ఊళ్లను కొల్లగొట్టి, దొరకినది మూటగట్టుకొని, వచ్చిన దారినే పోయెను. పిలిచినవానికి మిగిలినది అపకీర్తియే.

ఈ సంఘటనలో ఆ కాలపు రాజనీతి యంతయు గలదు. పొరుగువానిపై కోపము వచ్చినపుడు దూరపువానిని పిలుచుట నాటి వాడుక. పరాసులను పిలిచినవారు సుబేదారులు, మరాటాలను పిలిచినవాడు ఫౌజుదారు. ఆంగ్లేయులను పిలిచిన ఆనందరాజు ఆ త్రోవ త్రొక్కినవారిలో మొదటివాడు కాడని మనము మఱవరాదు.

పెద విజయరామరాజు పరాసుల స్నేహమును చివరివఱకు నిలుపుకొనెను. 1756లో సలాబతుజంగు బుస్సీని కొలువునుండి తొలగింపగా సర్కారులలోని పెక్కురు అధికారులు పక్షము మార్చిరి. విజయనగరపు రాజు మాత్రము మార్చలేదు. బుస్సీ తిరిగి బలము కూడదీసికొని గోదావరి దాటి వచ్చినపుడు రాజు తన సేనతో ఎదురేగి కలిసికొనెను. ఆ స్నేహమునకు ప్రతిఫలముగ లభించినది 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట బూడిద. మూడు రాత్రులు గడువకముందే పాపారాయుడు రాజు గుడారమున జొరబడి ఆతని ప్రాణము దీసెను.

గుడారములో దొరకిన గద్దె

ఆనందరాజునకు రాజ్యము ఇట్లు పరాసుల దండు విడిదిలో సంక్రమించినది. ఆతడు వారసత్వముగ పొందినవి మూడు. మొదటిది, తన పూర్వుని ప్రాణమును బలిగొన్న ఒక మైత్రి. రెండవది, బూడిదలోగూడ చల్లారని బొబ్బిలి వైరము. మూడవది, పరాసులకు చెల్లింపవలసిన శిస్తు. వీనిలో ఏ యొక్కటియు ఆతడు తెచ్చుకొన్నది కాదు.

బొబ్బిలి వైరమును ఆతడు నడిపిన తీరు మెచ్చదగినది. సమసిన రంగారాయని పక్షమున వేంగళరాయుడును, బ్రదికి బయటపడిన బాలుడు చిన రంగారాయుడును మిగిలియుండిరి. కొంత పోరాటము జరిగిన పిమ్మట ఆనందరాజు వారితో సమాధానపడి, రాజాము, కవిటి సీమలను శిస్తు నిర్ణయించి వారి కిచ్చెను. పగవానికి నిలువ నీడలేకుండ చేసినచో పగవాడు అడవిబట్టి ఎల్లకాలమును పోరును. నాలుగు ఊళ్లు చేతిలో నుంచినచో శిస్తు కట్టి ఊరకుండును. ఈ సంగతి ఆతడు గ్రహించెను. ఇంటి పొరుగున ఆతడు చూపిన ఈ నిదానము దూరపు వ్యవహారములందు కానరాదు.

పరాసులతో మాత్రము మనసు విఱిగెను. పూర్వునకు జూపిన మన్ననను బుస్సీ తనకు జూపుటలేదని ఆతడు తలపోసెను. తన వంశమువారు పరాసుల కొఱకు రక్తము ధారపోయగా తనకు దక్కినది శిస్తుల లెక్కయే యని బాధపడెను. అయినను బుస్సీ సర్కారులలో నున్నంతకాలము ఆతడు పెదవి కదపలేదు. 1757 జూన్ 25వ తేదీన బుస్సీ విశాఖపట్టణమునందలి ఆంగ్లేయుల కోఠీని పట్టుకొన్నపుడు ఈ ప్రాంతమున పరాసుల కెదురుచెప్పగల వాడెవ్వడును లేడు.

1758లో కాలము తిరిగెను. పుదుచ్చేరికి క్రొత్తగా వచ్చిన లాలీ చెన్నపట్టణమును పట్టుకొనవలెనను పట్టుదలతో బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనెను. ఇచ్చటి భాష, మర్యాద, మనుష్యులు ఎఱిగిన బుస్సీ స్థానమున ఏమియు నెఱుగని కాన్‌ఫ్లాన్సు నియుక్తుడయ్యెను. ఆనందరాజు ఈ సమయమునకే కాచుకొనియుండెను. విశాఖపట్టణముపై హఠాత్తుగ పడి, పరాసు అధికారిని బంధించి, కోఠీపై ఆంగ్లేయుల జెండా నెత్తించెను.

కలకత్తాకు పోయిన కబురు

ఆతని రాయబారులు ముందుగా చెన్నపట్టణమునకు పోయిరి. లాలీ ముట్టడికి ఎదురుచూచుచు ప్రాణములు అరచేత బట్టుకొనియున్న ఆ దొరలు ఒక్క సిపాయినైన పంపజాలమనిరి. అంతట కబురు కలకత్తాకు పోయెను. ప్లాసీ యుద్ధము జరిగి ఏడాది దాటినది. వంగదేశము ఇంకను పూర్తిగ చేతికి రాలేదు. సేనను దూరము పంపుట వెఱ్ఱితనమని క్లైవు సభవారు తలంచిరి. క్లైవు వారి మాట వినలేదు.

ఎందువలన? విజయనగరపు రాజుపై ఆతనికి ప్రేమ యుండి కాదు. ఉత్తర సర్కారులలో పోరు పుట్టించినచో పరాసులకు ఇచ్చటినుండి దక్షిణమునకు సాయము పోదు. సర్కారుల రాబడియే లాలీ సేనకు ఆధారములలో నొకటి. ఆ యాధారమును తెగగొట్టుటకు వలయు ఖర్చును ఒక దేశీయ ప్రభువు తానే భరించెదనని ముందుకు వచ్చుచుండగా కాదనువాడు వర్తకుడగునా? ఆనందరాజునకు ఇది తన పరువునకును తన శిస్తునకును సంబంధించిన తగవు. క్లైవునకు ఇది ఐరోపాలో 1756లో రగిలి ఏడేండ్లు సాగిన మహాసంగ్రామమున ఒక మూల. ఒకే పోరులో ఇరువురు మిత్రులు రెండు వేఱువేఱు యుద్ధములు చేయుచుండిరి. ఈ సంగతి క్లైవునకు తెలియును. ఆనందరాజునకు తెలిసినట్లు కానరాదు.

కర్నలు ఫోర్డు 500 మంది తెల్లసోల్జర్లతోను, 2,000 మంది సిపాయీలతోను, ఆఱు ఫిరంగులతోను 1758 అక్టోబరు 20వ తేదీన విశాఖపట్టణమున దిగెను. నవంబరు మొదటి తేదీన కశింకోటకడ రాజుసేన ఆతనితో కూడుకొనెను. ఆ సేనలో గుఱ్ఱములు 500, కాలిబంట్లు 5,000. వారిలో పెక్కుమంది చేతులలో ఈటెలును విండ్లును తప్ప తుపాకులు లేవు. వీరు గాక బ్రిస్టలు అను ఆంగ్లేయుని క్రింద నలువదిమంది ఐరోపావారును నాలుగు ఫిరంగులును రాజు కొలువున నుండెను.

ఒడంబడికలోని షరతులు

మాధవాయపాలెము కోఠీలో పూర్వము అధికారిగానుండి రాజుతో పరిచయముగల ఆండ్రూసు అను దొర ఆంగ్లేయుల పక్షమున ఒడంబడిక కుదిర్చెను. దాని షరతులను పొలము కవులుకిచ్చు భూస్వామి కవులు చదివినట్లు చదువవలెను.

సేన ఖర్చులకై రాజు నెలకు 50,000 రూపాయలును, అధికారుల ప్రత్యేకపు ఖర్చులకై నెలకు 6,000 రూపాయలును ఇయ్యవలెను. కొల్లసొమ్మును ఇరుపక్షములవారు చెఱిసగము పంచుకొనవలెను. జయించిన దేశమంతయు రాజునకు చెందును, దాని శిస్తును ఆతడే వసూలు చేసికొనును. అయితే సముద్రపు రేవులును, నదీముఖములందలి పట్టణములును, వానికి జేరిన పరగణాల రాబడియు కుంపిణీవారివి. ఇరువురిలో ఎవ్వరి స్వాధీనమునందలి దేశమును గూర్చియైనను రెండవవారి సమ్మతిలేక ఇతరులతో ఒడంబడిక చేసికొనరాదు.

పైకి చూచినచో ఇది రాజునకు మిక్కిలి లాభకరమైన బేరము. భూమి యంతయు ఆతనిది, గట్టు మాత్రము కుంపిణీది. గంపెడు పంట తనకు వచ్చుచుండగా గవిని ఎవనిదైన నేమి అని నాటి భూస్వామి యనుకొనుట సహజము. కాని గవిని ఎవనిదో ఊరు వానిది. రేవు చేతనున్నవాడు క్రొత్త సేనను దింపగలడు, శత్రుసేనను దిగకుండ చేయగలడు, ఓడిననాడు ఓడనెక్కి పోయి మఱునాడు మరల రాగలడు. భూమి చేతనున్నవాడు ఎక్కడికిని పోలేడు. ఆండ్రూసు ఈ తేడా నెఱిగి షరతు వ్రాసెను. రాజు ఎఱుగక ఒప్పుకొనెను.

ఇక నెలకు 56,000 రూపాయల మాట. అంత రొక్కము ఆతని బొక్కసమున లేదు. గెలువబోవు దేశపు శిస్తునుండి ఇయ్యవచ్చునని ఆతని లెక్క. పండని పంటపై అప్పు చేయుట మన రైతులకు తెలిసిన కష్టమే.

చందుర్తి

1758 డిసెంబరులో పిఠాపురము దాపునగల చందుర్తి పొలములలో రెండు సేనలును తలపడెను. కాన్‌ఫ్లాన్సు పక్షమున 500 మంది ఐరోపావారును 6,000 మంది సిపాయీలును నుండిరి. ఫోర్డు తన సిపాయీలకు ఎఱ్ఱ దుస్తులు తొడిగించి నిలిపెను. వారినే తెల్లవారనుకొని పరాసులు ముందుకు దూకి, వారిని చెదరగొట్టి, జయించితిమని తలంచి వరుస తప్పిరి. అంతట అసలైన తెల్లసేన వారి ప్రక్కను దెబ్బదీసెను. పరాసులు రాజమహేంద్రవరమునకును, అచ్చటినుండి బందరునకును వెనుదిరిగిరి. ఈ పోరులో రాజుసేన చేసినది స్వల్పము. యుద్ధరంగమున గౌరవము సంపాదింపని మిత్రునకు సంప్రదింపులలో గౌరవము దొరకదు. ఆ దినమునుండి ఫోర్డు దృష్టిలో ఆనందరాజు తోడివాడు కాడు, సొమ్ము ఇయ్యవలసినవాడు మాత్రమే.

రాజమహేంద్రవరమును ఒడంబడిక ప్రకారము రాజునకు అప్పగించిరి. సొమ్ము మాత్రము రాలేదు. నేడు రేపని రాజు వాయిదా వేయుచుండెను. ఓడిన శత్రువు ఊపిరి పీల్చుకొని బందరున బలపడుచుండగా గెలిచిన సేన కదలలేక నిలిచిపోయెను. ఇట్లు ఏబది దినములు వ్యర్థమయ్యెను. తుదకు ఆండ్రూసు మధ్యవర్తియై క్రొత్త ఒడంబడిక వ్రాయించెను. రాజు ఇక ఇయ్యబోవు సొమ్ము సాయము కాదు, అప్పుగా లెక్కింపబడును. దానికి బదులుగ గోదావరికి దక్షిణమున జయింపబోవు దేశపు రాబడిలో, పరాసుల స్వంత స్థలములు మినహా, సగము మాత్రమే రాజునకు వచ్చును.

ఇచ్చట మన పాఠకులు ఒకింత ఆగి యోచింపవలెను. మొదటి కాగితము ప్రకారము దేశమంతయు ఆతనిది. నెలలు గడువకముందే దక్షిణమున సగమైనది. ఆంగ్లేయులు మోసగించి తీసికొన్నారా? లేదు. చెల్లింపలేని మొత్తమును మాటయిచ్చి, మాట తప్పి, మిత్రుడు కాగితము తిరుగవ్రాయించుటకు ఆతడే న్యాయమైన కారణము సమకూర్చెను. శత్రువు పత్రమును చించును. మిత్రుడు పత్రమును తిరుగవ్రాయించును. రెండవ దానికే ఎక్కువ జాగ్రత్త కావలెను.

బందరు ముట్టడి

సేన 1759 జనవరి 28వ తేదీన కదలి మార్చి మొదటి వారమున బందరు చేరెను. కోట బలముగలది, చుట్టును బురదనేలలు, లోపల ముట్టడించువారికన్న ఎక్కువమంది. జీతములు ముట్టక తెల్లసోల్జర్లు తిరుగబడిరి. వారిని శాంతింపజేయులోపల ఇంకొక యుత్పాతము వచ్చెను. సలాబతుజంగు 35,000 సేనతో పరాసుల సాయమునకై బెజవాడ చేరెను. వెనుకనుండి పరాసుల దండొకటి రాజమహేంద్రవరమును తిరిగి పట్టుకొనెను.

ఆనందరాజు గుండె చెదరెను. సుబేదారు ఆతనికి పేరునకైనను ప్రభువు. ఆ ప్రభువు ఎదురుగ నున్నాడు, శత్రువు వెనుక నున్నాడు, ఇంటికి త్రోవ తెగినది. రాజు తన బలగమును ప్రయాణము కట్టించి స్వదేశాభిముఖుడయ్యెను. ఫోర్డు దండించెదనని బెదరింపలేదు. త్రోవలో సుబేదారు గుఱ్ఱపుదండు చిక్కించుకొనునని, గోదావరికడ పరాసులు కాచియున్నారని, నిలిచినచోటనే క్షేమమని కబురంపి తెలియజెప్పెను. రాజు తిరిగి వచ్చెను. అదే సమయమున ఫోర్డు సుబేదారుతోను మంచిమాటలు నడిపి, ఆతని యడుగులను మందగింపజేసెను. ఒకచేత మిత్రుని నిలిపి, ఒకచేత శత్రువును ఆపి, నడుమ కోటను పట్టుకొనుటకు కాలము సంపాదించిన ఈ నేర్పును మనము శత్రువుదని త్రోసివేయక నేర్చుకొనవలెను.

ఏప్రిల్ 7వ తేదీ రాత్రి మూడువైపుల దాడి జరిగెను. రాజుబంట్లు కోటవాకిటి కట్టమీద కేకలు తుపాకులతో కలకలము రేపి శత్రువుదృష్టిని మరల్చిరి. తెల్లవారునప్పటికి కోట ఆంగ్లేయులది. పట్టుబడినవారి సంఖ్య పట్టుకొన్నవారి సంఖ్యను మించెను. వారము దాటగనే పరాసుల సహాయపుటోడలు రేవు ముందఱకు వచ్చెను. అప్పటికి కాలము మించిపోయినది.

మే 14వ తేదీ

బెజవాడనుండి వచ్చుచున్న సలాబతుజంగు ఒక్క రాత్రిలో పరిస్థితి తలక్రిందగుట చూచెను. హైదరాబాదున ఆతని తమ్ముడు నిజామలీ గద్దెకై పొంచియుండెను. నిన్నటి శత్రువుతో నేడు సంధి ఆతనికి అవసరమయ్యెను. 1759 మే 14వ తేదీన సంధిపత్రము కుదిరినది. బందరును దానికి జేరిన ఎనిమిది పరగణాలును, నిజాంపట్టణమును, కొండవీడు మొదలగు సీమలును కుంపిణీకి ఇనాముగ వచ్చెను. సముద్రతీరమున సుమారు 80 మైళ్ల పొడవు, ఏటికి సుమారు నాలుగు లక్షల రూపాయల రాబడి. పరాసులను కృష్ణ కావలికి పంపివేయుటకు సుబేదారు ఒప్పుకొనెను.

ఆ పత్రమున ఆనందరాజు ప్రస్తావన యున్నది. పరాసుల సర్కారులలో ఆతడు వసూలు చేసినదానికిని, ఆ యేటి శిస్తునకును సుబేదారు లెక్క అడుగడు. ఇకముందు మాత్రము ఆతడు పరాసుల రాకకు పూర్వము తన తండ్రితాతలు చెల్లించినట్లు సుబేదారునకు చెల్లింపవలెను. అందులకు సమ్మతింపనిచో సుబేదారు తనకు తోచినట్లు చేసికొనవచ్చును.

దీని యర్థమేమి? విశాఖపట్టణమును పట్టి ఇచ్చినవాడు, సేనను పిలిచినవాడు, ఖర్చు భరింప పూనినవాడు, తుదకు ఇరువురు పెద్దల సంధిలో ఒక షరతుగ మిగిలెను. జయించిన దేశమంతయు ఆతనిదన్న మొదటి మాట ఏమయ్యెను? దక్షిణపు రాబడిలో సగమన్న రెండవ మాట ఏమయ్యెను? రెండవవారి సమ్మతి లేనిదే ఎవ్వరితోను ఒడంబడిక చేసికొనరాదన్న మాట ఏమయ్యెను? కోట పడిన పిదప ఆనందరాజు స్వదేశమునకు మరలెను. పంపకము జరుగునపుడు ఆతని వకీలు గట్టిగ నిలువలేదు. కుంపిణీకి ఆతని సేనతో ఇక పనిలేదు, సుబేదారు స్నేహముతో పనిగలదు. అవసరము తీరిన మిత్రుని హక్కును ఎవ్వరు కాపాడుదురు? ఆ హక్కును కాపాడుకొను బలము ఆతనికి గాని, కాపాడవలసిన లాభము కుంపిణీకి గాని లేదు.

అటుపిమ్మట

మరుసటి యేడు, 1760లో, ఆనందరాజు మరల దక్షిణమునకు సేనతో కదలెను. రాజమహేంద్రవరమున మశూచికము సోకి అచ్చటనే కనుమూసెను. గద్దెకు దత్తుగా వచ్చిన చిన విజయరామరాజు బాలుడు. ఆతని యన్న సీతారామరాజు దివానుగిరి నడపెను.

తరువాతి కథ వేగముగ నడచినది. 1763లో పారిసున సంధి చేసికొన్న ఆంగ్లేయ పరాసు రాజులు దక్కను సుబేదారుగ సలాబతుజంగును గుర్తించిరి. అప్పటికే ఆతడు పదవీచ్యుతుడై తమ్ముని చెఱలో నుండెను. ఆ పత్రమున విజయనగరపు మాటయే లేదు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలమునుండి కుంపిణీవారు ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందిరి. 1766 నవంబరులో నిజామలీతోను సంధి చేసికొనిరి. నాటినుండి విజయనగరపు రాజు కుంపిణీకి మిత్రుడు కాడు, పేష్కసు చెల్లించు జమీందారు. ఒక్క యుద్ధమైనను లేకుండ, కాగితముపై కాగితముగ, మిత్రత్వము దాసత్వమైనది.

1793లో కుంపిణీవారు పేష్కసు బకాయిలకై కోటను పట్టుకొని, చిన విజయరామరాజునకు నెలకు 1,200 రూపాయల భరణము నిర్ణయించి, బందరుకు పోయి యుండవలసినదని ఆజ్ఞాపించిరి. ఆనందరాజు ముప్పదినాలుగేండ్ల క్రిందట తన బంట్లను పంపి ఆంగ్లేయులకు గెలిపించిన బందరే ఆతని వారసునకు ప్రవాసస్థానముగ విధింపబడినది! రాజు బందరుకు పోలేదు. విజయనగరమునకును భీమునిపట్టణమునకును నడుమ పద్మనాభమున తన వారితో నిలిచెను. 1794 జూలై 10వ తేదీన కర్నలు ప్రెండర్‌గాస్టు సేన ఆతనిపై బడెను. ఒక గంట గడువకముందే రాజును, ఆతనిని విడువని దొరలలో పెక్కుమందియు నేలకొరిగిరి. పద్మనాభపు గుట్టను చూచువారు ఆ రక్తము 1794లో చిందినదని తలంతురు. ఆ కత్తి 1758లోనే ఒఱ వెడలినది.

తీర్పు

పంచతంత్రమున గంగదత్తుడను కప్పరాజు దాయాదులపై కసితో నూతిలోనికి పామును పిలిచి తెచ్చిన కథ మన బాలురు చదువుకొన్నదే. దాయాదులు తీరినపిమ్మట పాము గంగదత్తుని బిడ్డలవైపు తిరిగినది. ఆనందరాజును గంగదత్తునితో పోల్చి చేతులు దులుపుకొనుట తేలిక. కాని నూతిలో అప్పటికే ఒక పాము ఉన్నది. అది పరాసుల పాము. దానిని ఆనందరాజు తేలేదు. ఊరకున్నను ఆతనికి క్షేమము లేదు.

కౌటిల్యుడు తనకన్న అధికుడైన రాజుతో కూడుటను గొప్ప దోషముగ నెంచి, శత్రువుతో పోరు నడచునపుడు మాత్రము మినహాయింపు చూపెను. ఆనందరాజు ఆ మినహాయింపులోనివాడే. కావున ఆంగ్లేయులను పిలుచుట యొక్కటియే ఆతని తప్పని మేము చెప్పజాలము. పిలిచిన తీరులో మూడు తప్పులున్నవి. తాను చెల్లింపలేని వెలకు సాయము కొనెను. భూమికై ఆశపడి రేవులను వదలుకొనెను. పంపకపు దినమున పీటవద్ద లేకపోయెను. ఈ మూడింటిలో చివరిది మిక్కిలి గొప్ప తప్పు. యుద్ధము చేయువారు పెక్కురు, సంధి చేయువారు కొందఱు. ఆ కొందఱిలో లేనివాడు గెలిచినను ఓడినట్లే.

ఇంకను ఒక మాట గలదు. బొబ్బిలివారితో రాజాము కవిటిలిచ్చి సమాధానపడగలిగిన ఆ బుద్ధి, పెద్దాపురము, పిఠాపురము, పర్లాకిమిడి మొదలగు తోడి సంస్థానములతోను చేతులు కలుపుటవఱకు పోయియున్నచో, బయటివాడు వచ్చినను ఒంటరివానితో బేరమాడినట్లు ఆడగలిగెడివాడు కాడు. పొరుగువారిని శత్రువులుగ నుంచుకొన్నవాడు దూరపు మిత్రుని వద్ద గట్టిగ మాటాడలేడు. ఆ మిత్రునకు అదియు తెలిసియే యుండును.

1947 ఆగస్టు 15వ తేదీతో విదేశములతో ఒడంబడికలు వ్రాసికొను అధికారము మరల మన చేతికి వచ్చినది. పెద్ద రాజ్యములు స్నేహహస్తము చాచుచునే యుండును. ఆ చేతిని త్రోసివేయుమని విజయనగరపు చరిత్ర చెప్పదు. చాచినవాడు ఏ యుద్ధము చేయుచున్నాడో, ఖర్చెవరిదో, రేవెవరిదో, తుది పత్రముపై మన సంతకమునకు చోటున్నదో లేదో ముందుగా చూచుకొనుమని చెప్పును. ఆనందరాజు ఈ ప్రశ్నల నడుగలేదు. వాని వెల ఆతని వారసుడు పద్మనాభమున చెల్లించెను.